బావగారి అల్లం రసం

పెళ్లయ్యాక నా మొదటి క్రిస్మస్. సీతాఫల్‌మండి ఇంట్లో చుట్టాలందరి ముందూ మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, "తాగుబోతు కూతురికా వంటిల్లు అప్పజెప్పారు?" అన్నారు. మా నాన్న తాగేవాడు, నిజమే. కానీ ఏనాడూ చాటుగా తాగలేదు.

బావగారు మా చర్చిలో సంఘపెద్ద. అలాంటి మనిషి మరుసటి క్రిస్మస్‌కి నన్నే వంటింట్లోకి పిలిచి, సైనిక్‌పురిలో మిలటరీ స్నేహితుడిచ్చిన విస్కీ సీసా చేతిలో పెట్టి, "గొంతు బాలేదు, అల్లం రసం కలుపమ్మా" అన్నారు. అల్లం దంచి రసం పిండి, నిమ్మకాయ, పంచదార, చన్నీళ్లు కలిపి, విస్కీ పోసి స్టీలు గ్లాసులో ఇచ్చాను. హాల్లో అందరి మధ్యా కూర్చుని దర్జాగా తాగారు. అప్పట్నుంచీ ఏటా అదే తంతు. కలిపిన ప్రతిసారీ ఆయన అన్న మాటే గుర్తొచ్చేది.

ఒక క్రిస్మస్‌కి ప్రార్థన చెయ్యడానికి మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చారు. పాటలు పాడీ పాడీ ఆయన గొంతు బొంగురుపోయింది. నాకు కావలసింది అదే.

"మా బావగారి అల్లం రసం తీసుకోండి అయ్యగారూ, గొంతుకి చాలా మంచిదట" అని ఇంకో స్టీలు గ్లాసు నిండా తెచ్చిచ్చాను. బావగారు లేవబోయి మళ్లీ కూలబడ్డారు. ఏమని ఆపుతారు?

అయ్యగారు గ్లాసు నోటిదాకా తెచ్చి, వాసన తగిలి ఆగిపోయారు.

"ఇది ఎవరు కలిపారమ్మా?"

"నేనేనండీ. తాగుబోతు కూతుర్ని కదా, పాళ్లు బాగా కుదురుతాయని బావగారు ఏటా నాచేతే కలిపించుకుంటారు."