దాలయ్య మట్టి డబ్బాలు

ఎక్కడి మట్టి కనిపించినా డబ్బాలో పెట్టి, పైన ఊరి పేరు రాస్తే తప్ప దాలయ్య కాలు ఒకచోట నిలవదు. కాలేజీ లాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన మనిషికి వేరే జబ్బేమీ లేదు. ఈ ఒక్కదానితోనే భార్య జగ్గమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆమదాలవలసలో ఆవిడ వంటింట్లో ఉప్పు గ్లాసులో, పసుపు పొట్లంలో ఉండేవి. పంచదారది తప్ప డబ్బాలన్నీ మట్టికే. నౌపడలో మేనల్లుడి పెళ్లికి వెళ్తే, తాళి కట్టే వేళకు దాలయ్య ఉప్పుమడిలో మోకాలి లోతున ఉన్నాడు.

"ఇదేటయ్యా, పెళ్లికొచ్చినావా, తవ్వకానికొచ్చినావా?" అంది జగ్గమ్మ గట్టు మీంచి.

"అయిపోనాది. నీ సంచీలో ఖాళీ డబ్బా ఉన్నాదేటి?"

ఆ వేసవిలో జబ్బు ముదిరింది. ఊరి దగ్గరి రిజర్వాయరు ఎండి, రైతులు అడుగు మట్టిని ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకుంటున్నారు. దాలయ్య ఊరూరా తిరిగి డబ్బాలు నింపి విశాఖ లాబుకు పరీక్షకు పంపాడు. ఇక అన్నం ముందు కూర్చుంటాడు, లేస్తాడు, పోస్టు వచ్చిందేమోనని వీధిలోకి పరుగెడతాడు. ఆయన్ను చూసి జగ్గమ్మకూ ముద్ద దిగేది కాదు.

పక్కింటి లక్ష్మణమ్మ కోడలు పద్మకుమారికి ఐదో నెల. మట్టి తినడం మీదే మనసు. డాక్టరు వద్దన్నా వినలేదు. తమ పొలంలో తోలిన రిజర్వాయరు మట్టినే అత్తగారు పెనం మీద కాల్చి ఆమె బుట్టలో పెట్టేది.

ఓ మధ్యాహ్నం లక్ష్మణమ్మ దాలయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఒదినా, మీ ఆయన మా కోడలి బుట్టలో సెయ్యెట్టినాడు. మట్టి దొంగతనం సేస్తన్నాడు."

జగ్గమ్మ సిగ్గుపడి మొగుణ్ని నిలదీసింది. "కడుపుతో ఉన్నదాని నోటికాడ మట్టేటయ్యా?"

దాలయ్య జేబులోంచి కాగితం తీశాడు. "వారం కిందట వచ్చినాది. పైనున్న కార్ఖానా నీళ్లతో సీసం, క్రోమియం ఆ మట్టిలో పేరుకుపోనాయి. తింటే బిడ్డకి ముప్పు. సెప్తే హడలిపోతాదని పలకలేదు. అలాగని మానదు కదా. పదకొండు ఊళ్ల మట్టి సూపిస్తే శ్రీముఖలింగంది ఒక్కటే బాగున్నాదన్నారు. బుట్టలోది తీసేసి, అదే కాల్చి పెడతన్నాను."

"మరి మా పొలం?" అంది లక్ష్మణమ్మ.

"ఇంక తోలకండి. రేపు ఈ కాగితం పట్టుకుని తాసీల్దారు దగ్గరికెళ్తన్నాను, సెల్లీ."

గోడ అవతలనుంచి పద్మకుమారి గొంతు వినిపించింది. "అత్తా, బాబాయిని ఏటీ అనకు. వారం నుంచే మట్టి రుచిగా ఉన్నాది."

జగ్గమ్మ లోపలికి వెళ్లింది. ఆయన మీద ఇంత ప్రేమ పొంగడం ఆవిడకే చిరాకు తెప్పించింది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క డబ్బాలోని పంచదారను చెంబులోకి ఒంపి, తుడిచి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా నాలుగు నెలలున్నాయి. నిండుగా తే."