రాణి ఎవరి కుక్క?

పోయిన బుధవారం పొద్దున్నే బాపట్ల నుంచి ఫోనొచ్చింది. మా తోడికోడలు పోయింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఏడుస్తూనే ఉన్నాను, లోపల నా పాత కుళ్ళు కూడా లేచి కూర్చుంది. అంత మంచి మనిషి మీద కుళ్ళేమిటని అడక్కండి. నా కుక్క నాకు కాకుండా పోయింది ఆమె వల్లే.

అరవైల చివర్లో తెనాలికి కాపురానికి వస్తూ రేపల్లె నుంచి రాణిని వెంట తెచ్చుకున్నాను. ఇల్లు పాడుచెయ్యని కుక్క అని అందరికీ గొప్పగా చెప్పాను. వచ్చిన రోజే, కొత్త చోటన్న బెదురో ఏమో, నడవలో గచ్చు మీద ఉచ్చ పోసింది. మా అత్తగారు మైల అంటూ అక్కడ పేడనీళ్ళు చల్లించారు. మర్నాడు సరిగ్గా అక్కడే పోసింది. మళ్ళీ పేడనీళ్ళు. నేను దాని ముక్కు నేలకు రాసి నాలుగు తగిలించాను. అయినా మానలేదు.

చివరికి అత్తగారు తేల్చేశారు: "ఇక నా వల్ల కాదమ్మా. ఈసారి మన ఎడ్లబండి సంగం జాగర్లమూడి వెళ్ళినప్పుడు దీన్ని ఆ కాలవగట్టున దింపేసి రమ్మంటాను."

నాకు ఆ పూట అన్నం దిగలేదు. అక్క మాత్రం చెంగు నడుముకు దోపుకుని, నడవలో చతికిలబడి నేల వాసన చూసింది.

"మీ రేపల్లెలో ఇదెక్కడికి వెళ్ళేది?"

"పెరట్లోకక్కా. అమ్మ కళ్ళాపి చల్లే చోటికి."

"అదీ సంగతి. పేడనీళ్ళు చల్లి ఇదే పెరడని మనమే చెప్తున్నాం, మళ్ళీ మనమే కొడుతున్నాం. అదేం చేస్తుంది పాపం?"

కుంకుడు రసంతో ఆ చోటంతా రుద్ది కడిగింది. అత్తగారితో మెల్లగా, "శుద్ధికి పసుపునీళ్ళు చల్లానండి అత్తయ్యా, దుగ్గిరాల పసుపే" అంది. ఆవిడ కాదనలేకపోయారు. తర్వాత రాణి అన్నం గిన్నె తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టింది. "తినేచోట పొయ్యదులే, చూడు" అంది. పొయ్యలేదు. బండి రాణి లేకుండానే వెళ్ళింది.

సంతోషించాను, కానీ ఎంతోసేపు కాదు. ఆ గిన్నె ఉన్నది అక్క గది గుమ్మం ముందు. అన్నం కలిపేది అక్క. రాణి ఆ గుమ్మంలోనే పడుకోవడం మొదలుపెట్టింది. నేను చాటుగా చేపముక్క పెడితే తిని, మూతి నాక్కుంటూ అటే పోయేది. డెబ్భైల్లో బావగారికి బాపట్ల బదిలీ అయింది. స్టేషనుకు బయల్దేరిన వాళ్ళ రిక్షా వెనక రాణి పరిగెత్తింది. నేను గొంతు చించుకుని పిలిచాను. ఆగి, నావైపు చూసి తోక ఊపింది. మళ్ళీ రిక్షా వెనకే పోయింది.

"నీ కుక్కేనే. నా దగ్గరుంటుంది, అంతే" అనేది అక్క, నేను బాపట్ల వెళ్ళినప్పుడల్లా. ఆ మాటకు నాకింకా మండేది. ముసలిదయ్యాక రాణి మళ్ళీ ఇంట్లో పోసుకునేది. సిగ్గుతో అక్క మంచం పక్కన గోడవైపు తిరిగి పడుకునేది. అక్క పాతచీర ముక్కతో తుడుస్తూ "ఏం కాలేదులేవే" అనేది. నాతో ఎప్పుడైనా అంత మెత్తగా మాట్లాడిందా అని గుమ్మంలో నిలబడి ఉడుక్కునేదాన్ని.

కిందటి నెల, మంచాన పడ్డ అక్కను చూడ్డానికి వెళ్తే పక్కబట్టలు తడిసిపోయి ఉన్నాయి. నన్ను చూసి గోడవైపు తిరిగింది. తుడిచి, దుప్పటి మార్చి, "ఏం కాలేదులే అక్కా" అన్నాను. మంచం పక్కన నేలమీద కూర్చున్నాను, ఒకప్పుడు రాణి పడుకున్న చోటే. కాసేపటికి ఆమె చెయ్యి మంచం మీంచి జారి నా తలమీద ఆగింది. జుట్టులో వేళ్ళు కదిలాయి.

"వచ్చావటే" అంది.

నన్నో, దాన్నో తెలియదు. దాన్నే అయితే నాకు ఈరోజుకీ కుళ్ళే. అయినా ఆమె నిద్రపోయేదాకా ఆ చెయ్యి కింద నుంచి నా తల కదపలేదు.