కుబుసం ఊడని రెండుతలల పాము

1963 ఎండాకాలం. లక్సెట్టిపేట పశువుల దవాఖానలో నేను డాక్టరుగా చేరి రెండో ఏడు. గాలికుంటు వచ్చిన ఎడ్లు, ఈనలేక అవస్థపడే బర్లు, కాళ్లు విరిగిన మేకలు, ఇవే రోజూ వచ్చేవి. అలాంటి చోటికి ఒకరోజు పొద్దున దర్జీ మహబూబ్ భాయ్ బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. బజారులో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. నా అంగీలు కూడా అతనే కుట్టేవాడు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో తనూ, తల్లి బీబమ్మా, ఇద్దరే.

"డాక్టర్ సాబ్, జర పరేషాన్ల ఉన్న. నవ్వొద్దు," అంటూ మూత తీశాడు.

డబ్బాలో ఇసుక, ఇసుకలో చూపుడువేలంత లావు పాము. రెండుతలల పాము పిల్ల. తోక కూడా తలలాగే మొద్దుగా ఉండటంతో దానికి ఆ పేరు వచ్చింది గానీ, ఉండేది ఒక్క తలే. విషం ఉండదు. పోయిన వానాకాలంలో వాళ్ల పొలం దున్నుతుంటే బయటపడిందట. జీతగాడు చంపబోతే ఇతను అడ్డంపడి ఇంటికి తెచ్చుకున్నాడు.

"మొదట్ల పాలు పోసిన, ముట్టలే. ఎలుకపిల్లలు ఏస్తె తిన్నది. గిప్పుడేమో ఏదీ తింటలేదు. కండ్లు చూడుండ్రి, తెల్లగైనయి. గుడ్డిదైందా?"

చదువుకునేటప్పుడు పాముల గురించి మాకు చెప్పింది తక్కువ. జంతువుల తోటలో పనిచేసి వచ్చిన సీనియర్ ఒకాయన కబుర్లలో విన్నదే నాకు ఆసరా. పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దాన్ని స్పెక్టకిల్ అంటారు. కుబుసం విడిచే ముందు ఆ పొర కింద నీరు చేరి కన్ను మబ్బుగా అవుతుంది. ఆ రోజుల్లో పాము తినదు, ఎవరు ముట్టుకున్నా బెదురుతుంది. అది జబ్బు కాదు. తర్వాత కన్ను తేటపడి, మూతి దగ్గర చర్మం చీలి, మేజోడు తిరగేసినట్టు మొత్తం ఒకే ముక్కగా ఊడి రావాలి.

ఈ పిల్లకు అలా ఊడలేదు. వాళ్లింటి రేకుల కప్పు కింద డబ్బాలో ఇసుక కాగి, తడి లేక, కుబుసం ఒంటికే ఎండిపోయింది. కళ్ల మీది పాత పొరలు అలాగే ఉన్నాయి. తోక చివర చర్మం దారం చుట్టినట్టు బిగుసుకుంది. వదిలేస్తే నెత్తురు ఆడక ఆ తోక కుళ్లిపోతుంది.

"గుడ్డిది కాలేదు భాయ్. నీళ్లల్ల నానబెట్టి తీద్దాం," అన్నాను.

అతను కూర్చుని అసలు సంగతి చెప్పాడు. "అమ్మీ అన్నం సరిగ్గ తింటలేదు సాబ్. రెండుతలల పాము నాకితె కుష్టు వస్తదని బజారంత అంటున్నరు. దీన్ని ఇడిసిపెట్టకుంటె పెద్దపల్లిల మా అక్క ఇంటికి పోత అంటున్నది."

"అది ఉత్తమాట. పాము నాకితే ఏ రోగం రాదు."

గోరువెచ్చని నీళ్లు వెడల్పు తట్టలో పోసి, అడుగున మెత్తటి గుడ్డ పరిచి, పామును అందులో ఉంచాం. మా కాంపౌండర్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. చర్మం బాగా నానాక మహబూబ్ భాయ్ పట్టుకున్నాడు. నేను తడిగుడ్డతో తల నుంచి తోక వైపు మెల్లగా నిమురుతూ వచ్చాను. పొర జారసాగింది. కళ్ల దగ్గర గోటితో గీకకూడదు, లాగకూడదు. నానితే అవే వదులుతాయి. చివరికి తోక మీద ఉంగరంలా బిగిసిన చర్మాన్ని వదులు చేస్తుంటే పాముకు నొప్పి పుట్టినట్టుంది, గిరుక్కున తిరిగి అతని ఎడమచేతి చిటికెనవేలి కింద కరిచి పట్టుకుంది. నెత్తురు చుక్కలు కట్టింది.

అతను తోక వైపే చూస్తూ, "అయిపాయెనా సాబ్?" అన్నాడు.

"భాయ్, నిన్ను కరిచింది."

అప్పుడు చూసుకున్నాడు. మెల్లగా విడిపించాను. "నొప్పి లేదా?" అని అడిగాను.

"గాడ తిమ్మిరి సాబ్. ఎన్నడో సంది."

ఆ చేతి అంచున బొగ్గుల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు అప్పుడు కనబడ్డాయి. అంగీ చెయ్యి పైకి మడవమన్నాను. తటపటాయిస్తూనే మడిచాడు. మోచేతి దగ్గర పాలిపోయి పొడిబారిన మచ్చ.

"ఎప్పటి సంది ఉంది ఇది?"

"పోయినేడు రంజాన్ బట్టలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకున్నా తెల్వలే. అప్పటిసందే."

మనుషుల రోగం చెప్పే అధికారం నాకు లేదు. కానీ స్పర్శ పోయిన మచ్చ ఏ రోగానికి గుర్తో ఇద్దరికీ తెలుసు. అతను పామును డబ్బాలో పెట్టి మూత వేశాడు. "తోక బతుకుతదా సాబ్?" అన్నాడు.

"బతుకుతది."

"నాకు కూడ షక్ ఉండె. గందుకే పొడుగు చేతుల అంగీలేస్తున్న. చూపించుకుంటె బజారు నా మిషన్ మీద బట్ట పెట్టది. అమ్మీ ఏమో పాము వల్లనే అంటది."

"ఇప్పుడు దీనికి మాత్రలున్నయి భాయ్. ఆలస్యం చేస్తే వేళ్లు వంగిపోతయి. వేళ్లు వంగినంక ఏ బట్ట కుడుతవ్? నేను తోడొస్త, కరీంనగర్ పోదాం."

ఆ వారంలోనే బస్సెక్కాం. అక్కడి డాక్టరు కళ్లు మూయించి, సూదితో, దూదితో చెయ్యంతా తాకి చూసి, కుష్టేనని చెప్పాడు. తొలిదశలోనే వచ్చారని డీడీఎస్ మాత్రలు రాశాడు. ఆ రోజుల్లో కుష్టుకు ఇచ్చే మందు అదే, ఏళ్లతరబడి మింగాలి.

తిరిగొచ్చాక ఇంటికి నేనూ వెళ్లాను. బీబమ్మ అంతా విని, "నేను చెప్పలే? గా పామే చేసింది," అంది.

"కాదమ్మా. మచ్చ పోయినేడు రంజాన్‌కే ఉంది. పాము ఆ తర్వాత వానలల్ల వచ్చింది."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "రంజాన్ సంది ఉంటె నాకెందుకు చెప్పలే బేటా?"

"నువ్వు ఏడుస్తవని."

ఆమె ఏడవలేదు. అతని చెయ్యి తన ఒడిలోకి లాక్కుని, కరిచిన గాటు మీద వేలు పెట్టింది. తర్వాత నన్ను అడిగింది. "గది కరవకుంటె మీకు తెల్వకపోవునా సాబ్?"

"తెల్వకపోవు అమ్మా."

ఆమె పెద్దపల్లి పోలేదు. బజారులో కొందరు బట్టలివ్వడం మానేశారు. కొందరు మానలేదు. నా అంగీలు అతనే కుట్టాడు. ఎడమ చిటికెనవేలు కొంచెం వంగింది గానీ మిగతా వేళ్లు దక్కాయి.

పాము విషయంలో చెప్పినవన్నీ తల్లీకొడుకులు పాటించారు. పెద్ద బానలో ఒక పక్క పొడి ఇసుక, ఇంకో పక్క తడిపిన గోనెపట్టా. తిండికి పాము నడుము కన్నా లావు కాని ఎలుకపిల్ల. కన్ను మబ్బేస్తే ముట్టుకోవద్దు. తిన్నాక కొన్నాళ్లు కదిలించొద్దు, కక్కేస్తుంది. తర్వాతి కుబుసం కంటి పొరలతో సహా ఒకే ముక్కగా ఊడింది. తీసుకొచ్చి చూపించింది బీబమ్మే.

ఆ తర్వాత నాకు ఆసిఫాబాద్ బదిలీ అయింది. అక్కడ ఒక రైతు కుంటుతున్న ఎద్దును తోలుకొచ్చాడు. ముక్కుతాడు పట్టుకున్న అతని వేళ్ల మీద కాలిన మచ్చలు కనబడ్డాయి. "ఎట్ల కాలినయి?" అని అడిగితే, "తెల్వదు సారూ," అన్నాడు. ఎద్దును చెట్టుకు కట్టించి, ముందు అతన్ని కూర్చోబెట్టాను.