సోమవారం ఎగిరిన విమానం

1989 ఆగస్టు. కుందుర్పి దగ్గర మట్టి రన్‌వే మీద, వేరుశెనగకు మందు చల్లే చిన్న విమానానికి నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. కంబళిపురుగు చేలకు చేలే ఊడ్చేస్తున్న ఏడు అది. గాలి లేవకముందే, తెల్లవారుతూనే మందు చల్లాలి. ఒక్క పొద్దు పోయినా ఎవరో ఒక రైతు పంట పోయినట్టే.

ఇంజను విప్పి ప్రతి భాగమూ చూసే తనిఖీని ఇన్‌స్పెక్షన్ అంటాం. దాని గడువు ఆదివారంతో తీరుతుంది. దాటితే విమానం కదలకూడదు. ఆదివారమేమో పీర్ల పండుగ. నా మెకానిక్కులు మస్తాన్, హనుమన్న ఇద్దరూ ఊరికి పోతే, మంగళవారం జెండా పండుగ కూడా అయ్యాకే వస్తారు. వాళ్ళు లేకుండా ఇంజను విప్పలేను. గడువుకు పండుగలు తెలియవు. అందుకే శనివారమే విమానాన్ని నిలిపేశాను.

ఆ పొద్దు వంతు తిప్పన్న చేనిది. తువ్వాలు విదిలించి మీదికొచ్చాడు.

"ఏమప్పా ఇంజనీరూ! నా వంతు వచ్చేతలికి నిలబెడతాండావే? పురుగు ఆకు మిగిలిస్తాదా? సోమవారం చూసుకో పో."

"ఈ పొద్దు చూడకపోతే సోమ, మంగళ రెండూ పోతాయి తిప్పన్నా. పదూళ్ళ చేలు పోతాయి."

"పదూళ్ళ కత నాకేల? నా చేను మాట చెప్పు!"

నాకూ పౌరుషం వచ్చింది. "సోమవారం నీ ఎద్దులకు కాడి కడతావా?"

"బసవన్న వారమప్పా, ఎద్దులకు సెలవు! యాడన్నా కడతారా?"

"నేలలో పదును ఆరిపోతున్నా కట్టవా?"

"సచ్చినా కట్టను."

"గడువు దాటితే నేనూ అంతే."

నన్ను మింగేసేలా చూశాడు. "అయితే రేపు నా చేనే మొదులు. మాట తప్పితే నీ ఇమానం ముందర పండుకుంటా."

పొద్దుగూకేలోగా పని ముగించాం. ఆదివారం చేని గట్టున జెండా పట్టి విమానానికి వరస చూపే మనుషులు కూడా పండుగకే పోయారు. తిప్పన్న తానే జెండా పట్టాడు. చేనిలో తూర్పు ముక్క అప్పటికే పుల్లలై నిలబడింది. మిగతా చేను దక్కింది.

సెలవు అడ్డొస్తే పని దానికి ముందే ముగించాలని నాకు ముందే తెలుసు. మనం ఆగమన్న మనిషికి ఏ రోజు వస్తామో చెప్పి, ఆ మాట మీద నిలబడాలని మాత్రం తిప్పన్న దగ్గర నేర్చుకున్నాను. సోమవారం ఆయన ఎద్దులు కొట్టంలో నెమరు వేస్తుంటే, మా విమానం పక్కూరి చేల మీద ఎగిరింది.