మేనల్లుడి పై పళ్ళు

పొద్దున్నే నల్లా దగ్గర స్ట్రాబెర్రీ వాసన వచ్చిందంటే, మా కిరాయి గదుల్లో ఉండే ఒడిశా అమ్మాయి తన రెండేళ్ల బిడ్డకు పళ్ళు తోముతోందన్నమాట. బియ్యపుగింజంత పేస్టు, చిటికెనవేలంత బ్రష్షు. పిల్ల దాన్ని కొరికి పట్టుకుంటే తల్లి వాళ్ళ భాషలో బతిమాలుతుంది. ఇస్నాపూర్‌లో పసిపిల్లల పళ్ళ సంగతి నాకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదని అరుగు మీద నుంచి చెబుతుంటాను. ఆమెకు తెలుగు రాదు కాబట్టి తలూపుతుంది.

ఈ గదులున్నచోట మా జొన్నచేను ఉండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కాన్పుకు వచ్చిన మా అక్క తన కొడుకును నా ఒళ్ళో పెట్టి ఇంటిల్లిపాదితో పాటు కోతకు పోయేది. వాకిట్లో పిడకల పొగ, ఆరబెట్టిన మిరపకాయల ఘాటు, మూతి నిండా అంబలి పూసుకున్న ఆ పిల్లవాడు తప్ప పగలంతా నాకు తోడు లేదు. పాత దోతి పేలిక తడిపి, వేలికి చుట్టి, వాడి చిగుళ్ళు తుడవడం నా పని. రోజుకు ఇరవైసార్లు తుడిచేవాణ్ణి. సరే, రెండుసార్లు.

ఒకనాడు పైచిగురులో ఏదో గరుకుగా తగిలింది. కింద ఇంకా ఏమీ లేదు. వాణ్ణి చంకనేసుకుని చేనుదాకా పరుగెత్తి గొప్పగా చెప్పాను. నాయనమ్మ ముఖం వాడిపోయింది. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమట. ఆ మేనమామను నేనే. మంచిరోజు చూసి, కంచు గిన్నెలో నూనె పోసి, ముందు అందులో వాడి నీడ చూసేదాకా నేను వాడి ముఖం చూడకూడదన్నారు.

నెలరోజులు నన్ను ఎడ్ల కొట్టంలో ఉంచారు. నెల అన్నాను గానీ, వారమైనా అయి ఉండదు. చొప్ప వాసన, ఎడ్లు నెమరేసే చప్పుడు, గోడకవతల వాడి ఏడుపు. చచ్చిపోతానన్న భయం కన్నా వాడు నన్ను మరిచిపోతాడన్న భయమే ఎక్కువ. చేను మానుకుని ఇంట్లో ఉన్న నాయనమ్మ వేలిని వాడు నోట్లోకి రానివ్వడం లేదని ఆ ఏడుపులోనే తెలిసేది. ఒక పొద్దున ఆగలేక, కళ్ళు గట్టిగా మూసుకుని, పేలిక చుట్టిన వేలిని ఇంటి తలుపు సందులోంచి లోపలికి చాపాను.

"ఏందిరా గిది? సూడద్దంటిమి గద."

"సూస్తలేను నాయినమ్మా. పండ్లు తోముతున్న."

ఆమె అడుగులు దూరంగా పోయి, మళ్ళీ తలుపు దగ్గరికొచ్చాయి. కాసేపటికి నా వేలు వెచ్చగా తడిసింది. వాడు కొరికాడు. రక్తం కారింది. కారలేదు, గాటు పడిందంతే. నూనెలో నీడ చూపించిన రోజుదాకా, రోజూ ఆమే వాణ్ణి తలుపు దగ్గరికి ఎత్తుకొచ్చేది.

వాడు పెద్దవాడై, పటాన్‌చెరులో డ్యూటీకి పోతూ నా ఇంటి ముందు బండి ఆపి, "ఏం మామా, గండం ఇంకా రాలేదా?" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు.

"తొవ్వల ఉన్నదిరా. ముత్తంగి కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నది."

రిటైరయ్యాక కూడా ఆ మాట అడగడానికే వచ్చేవాడు. పోయిన వానాకాలం నిద్రలోనే పోయాడు. పిల్లలకు పై పళ్ళు ముందొచ్చాయా, కింది పళ్ళా అని ఇప్పుడెవరూ చూడరు. గిన్నెలో నూనె పోసేవాళ్ళూ లేరు. ఆ గండమంతా ఉత్తదేనని, డెబ్బై దాటినా నాకేమీ కాలేదని, కలిసినవాళ్ళందరికీ చెబుతుంటాను. అది కూడా కొంచెం పెంచి చెప్పడమే.