పెద్దబాపు తోటలో రేవు బండలు

మొన్న జనగామలో మా కోడలితో కలిసి ఇంటి ముందరి వాకిలికి, మొక్కల మధ్య నడిచే దారికి టైల్స్ చూడటానికి పోయాను. దుకాణదారు అన్నీ చూపించి, చివరికి ఒకటి మురిపెంగా ముందు పెట్టాడు. అరిగిపోయిన పాత బండలా కనబడేటట్టు చేసిన కొత్త టైల్. ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారట. నేను దాన్ని పక్కకు నెట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కోడలు ఎండదెబ్బ అనుకుని మంచినీళ్ళు తెప్పించింది. ఎండ కాదు, నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి, నేను బచ్చన్నపేట దగ్గరి మా ఊళ్ళో ఖాళీగా ఉన్నాను. మా నాయినకు అన్న అయిన పెద్దబాపుకు అప్పుడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు కావాలన్న పిచ్చి పట్టింది. హైదరాబాదు నుంచి ఒక పెద్ద నాయకుడు మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. అంతే, పెండతో అలికిన వాకిలి ఆయనకు నామోషీ అయింది. బంతి, కనకాంబరం మొక్కల మధ్య బండల దారి వేయాలన్నాడు. షాబాదు బండ తెప్పిస్తే చావుకళ అన్నాడు. గుట్టరాయి గరుకన్నాడు. సిమెంటు పోయిస్తే పోలీసు ఠాణాలా ఉంటుందన్నాడు. తిండి దగ్గర ఆయనకు ఇంత ఏరుడు ఉండేది కాదు, ఎవరిదైనా తినేవాడు. చివరికి చెరువు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ రేవు బండల మీద చెయ్యేసి చూశాడట. చాకలివాళ్ళు తరతరాలుగా బట్టలు బాదిన ఆ బండలు వెన్నపూసలా నున్నగా ఉండేవి. మరునాడే రెండు బండ్లు పోయి వాటిని పెకిలించి మా తోటకు తెచ్చాయి.

మా బట్టలు ఉతికే చాకలవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది. ఊరి బట్టలు ఉతికితేనే వాళ్ళ ఇంట్లోకి గింజలు వచ్చేవి.

"బండలు లేకుంటే మేమెట్ల బతకాలె పటేలా?" అని మెల్లగా అడిగింది.

"చెరువు కట్టకు రాళ్ళే లేవా? జర ఏరుకోండ్రి" అన్నాడాయన, పాన్ నములుతూ. ఆ ఎర్రటి నోరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఆమె వాకిట్లోంచే వెనక్కి తిరిగి పోయింది. ఆనాటి నుంచి వాళ్ళ వాడలో ఎవరూ మా గడప తొక్కలేదు. మైల బట్టలు మూలన గుట్టపడి, వానకు ముక్కిపోయి, ఇల్లంతా కంపు కొట్టింది.

నాయకుడు వచ్చిన రోజు పెద్దబాపు వంగి వంగి ఆయనను బండల దారి వెంట నడిపించుకొస్తున్నాడు. దారి మధ్యలో మా నాయినమ్మ చీర ఎగదోపి, మైల బట్టల మూట విప్పి, దబదబా బాదుతోంది. మురికి నురగ పోయి నాయకుడి ధోవతి మీద పడింది. లోపలికి పొమ్మని పెద్దబాపు పళ్ళు కొరికాడు.

"రేవునే ఇంటికి తెచ్చినవు గద బిడ్డా. ఇగ ఉతుకుడు గీడనే" అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

నాయకుడు సంగతంతా విని, తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. చాకలివాడలో ఎన్ని ఓట్లున్నాయని మాత్రం అడిగాడు. ఆ లెక్క తెలిశాక బండలు మళ్ళీ బండ్లెక్కాయి.

ఊరికే పోలేదు. పెద్దబాపు అన్నిటికంటే పెద్ద బండ మీద తన పేరు చెక్కించి, కింద 'దాత' అని రాయించాడు. అంతకంటే సిగ్గుమాలిన పని నేను నా బతుకులో చూడలేదు. చాకలవ్వ రోజూ రేవుకొచ్చి, ఊళ్ళో అందరికంటే మురికి బట్ట ఏదో ఏరి, దాన్ని ఆ అక్షరాల మీదే వేసి బాదేది. ఆమె తర్వాత ఆమె కోడలూ అంతే. పెండ్లయి మానుకోట పోయిన నేను ఎనభైల్లో ఒకసారి పుట్టింటికి వచ్చి రేవుకు పోయి చూస్తే, పేరు చదవరాకుండా అరిగిపోయి ఉంది. కాలం అన్నిటినీ చెరిపేస్తుందంటారు. నిజమే గానీ, దానికీ ఎవరో ఒకరు చేయిసాయం చేయాలి.