బీరపాదు కింది పసుపు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక నాకు దొరికిన ఉద్యోగం ఇంటి వెనక దొడ్డి. నాలుగు బీరపాదులు, రెండు వరుసల వంగమొక్కలు. మోకాళ్ళు అరిగినవాడికి అదే ఎక్కువ. కోరుట్ల పక్కన మా ఊళ్ళో బోరు ఎండిపోయి, పొలం బీడు పెట్టి, ఎడారి దేశం పోయి అక్కడ పరాయివాళ్ళ పచ్చికకు ఏళ్ళ తరబడి నీళ్ళు పట్టినవాణ్ణి నేను. నీళ్ళు లేక ఊరు విడిచినవాడికి ఇసుకలో నీళ్ళు పట్టే కొలువు ఇచ్చారు. మొదట్లో ఇది తలచుకుంటే నవ్వొచ్చేది. తర్వాత నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

నా భార్య బీడీలు చేస్తుంది. మా వైపు మగవాళ్ళు దుబాయి, మస్కట్ అంటూ పోతే ఇళ్ళు నిలబెట్టినవి ఆడవాళ్ళ ఒళ్ళోని బీడీ చాటలే. తునికాకు నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి మెత్తబడనిచ్చి, రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. మిగిలిన ముక్కలు పెంటకుప్ప మీదికి పోతాయి. నేను వాటిని తెచ్చి పాదుల మొదళ్ళ చుట్టూ మందంగా పరిచాను. గల్ఫ్‌లో చెక్కపేళ్ళు ఇలాగే పరిచేవాళ్ళం, మట్టి తడి ఆరకుండా. అది చూసి ఆమె, "బీడీ తాగని మొగడు దొరికిండనుకుంటే, బీరకాయలకు అలవాటు జేస్తుండు" అంది.

గోడకు అవతల పెద్దవ్వ ఉండేది. సొంత పెద్దవ్వ కాదు, ఊరి వరుస. నా భార్య ఆమెను అత్తా అని పిలిచేది. కల్లుగీసే ఇంటి మనిషి. భర్త తాడిచెట్టు మీద నుంచి జారిపడి ఎప్పుడో పోయాడు. కొడుకు బొంబాయి దిక్కు పోయి అక్కడే ఉండిపోయాడు, కూతుర్ని సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లికి ఇచ్చింది. ఆమెకూ బీడీలే బతుకు. పొద్దెక్కగానే వాడలోని ఆడవాళ్ళంతా ఒక ఇంటి వసారాలో చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. నా భార్య పక్కన చోటు పెద్దవ్వది. కాపురానికి వచ్చిన కొత్తలో నా భార్యకు బీడీ చుట్టడం నేర్పింది కూడా ఆమే.

ఆ వానాకాలం మా ఇంట్లో ఉన్నది ఒకటే బెంగ, కొడుకు. నేను విమానం దిగాక వాడు ఎక్కాడు. కంపెనీ మూతపడింది, క్యాంపులో ఉంచారు అని ఒకసారి చెప్పాడు. తర్వాత ఫోను లేదు. మేము చేస్తే కలవదు. నా భార్య చేతిలో బీడీ, కంట్లో ఫోను. రాత్రి ముద్ద దిగేది కాదు ఇద్దరికీ.

ముసురు పట్టి వదలని ఒక ఉదయం దొడ్డిలోకి పోయిన ఆమె అక్కడే నిలబడిపోయింది. వెళ్ళి చూశాను. గోడ పక్క బీరపాదు మొదట్లో, తడిసిన ఆకు ముక్కల మీద, పసుపుపచ్చటి ముద్ద. పసుపు కలిపిన అన్నం ఎవరో అక్కడ బోర్లించి పోయినట్టుంది. ముందురోజు సాయంత్రం నేను పాదు సరిచేసినప్పుడు అక్కడ ఏమీ లేదు.

"ఎవరో జేసిండ్రు" అంది ఆమె మెల్లగా. "పోరని ఫోను ఎందుకు వస్తలేదో గిప్పుడు ఎరుకైంది."

మా వైపు ఆ మాట తేలికైన మాట కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో ముసలివాళ్ళ పళ్ళు రాలగొట్టిన ఊళ్ళు ఉన్నాయి. అందుకే నేను వెంటనే అడ్డుపడ్డాను. ఆ ముద్దను గల్ఫ్‌లో వందసార్లు చూశాను. తడి చెక్కపేళ్ళ మీద ఒక్క రాత్రిలో నురగలా పొంగేది. మా మలయాళీ ఫోర్‌మన్ దాన్ని కుక్క కక్కు అనేవాడు. చదువుకున్నవాళ్ళు స్లైమ్ మోల్డ్ అంటారట. అది మొక్కను తినదు, కాండాన్ని కుళ్ళబెట్టదు, కుళ్ళే ఆకుల మీద ఉండే కంటికి కనపడని పురుగును తిని బతుకుతుంది. పొద్దున పచ్చగా మెత్తగా ఉంటుంది, ఎండ తగిలితే పైన పెచ్చు కడుతుంది, లోపల నల్లటి పొడి అవుతుంది. ఆ పొడి లేవకముందే పారతో ఎత్తి దూరంగా పారెయ్యాలి. ఆకును తిరగేసి ఆరనివ్వాలి, మొదలు దగ్గర జానెడు ఖాళీ వదలాలి. మందు అక్కర్లేదు. ఇదంతా చెప్పాను.

ఆమె అంతా విని, "గక్కడిది గక్కడ. గిక్కడిది గిక్కడ" అంది.

పార తెచ్చి ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ఎత్తి, వానలోనే ఊరి బయట పారేసి వచ్చాను. ఆకు తిరగేశాను. పని అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు నాకు జ్వరం వచ్చింది. ఆ వానల్లో ఊళ్ళో సగం మందికి జ్వరమే. కానీ కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకిని ఎవరు వదులుతారు? జగిత్యాల ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుని పడుకున్న నా దగ్గరికి పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. ముట్టినవంట గదా. ముట్టకపోయేది ఉండె. నేను మళ్ళీ కుక్క కక్కు కథ మొదలుపెట్టేవాణ్ణి. జ్వరంలో మాట్లాడుతున్నాడని తలలూపేవాళ్ళు.

నా భార్య వసారాలో ముద్ద సంగతి చెప్పింది గానీ ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు. గోడ అవతల ఎవరుంటారో వాడకంతా తెలుసు. వసారాలో పెద్దవ్వ పక్కన చాటలు కొంచెం కొంచెం జరిగాయి. ఆమె మంచినీళ్ళు అడిగితే చెంబు అందించేవాళ్ళు లేరు. పోచమ్మ గుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేయించాలని మగవాళ్ళు అనుకుంటున్నారట. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మంత్రం అక్కర్లేదు, నలుగురు పనిలేకుండా కూర్చుంటే చాలు. పొమ్మనలేక పొగబెట్టినట్టు చేశారు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆమె తలుపుకు తాళం ఉంది. కూతురి దగ్గరికి పోయింది.

నాకు నా భార్య మీద కోపం వచ్చింది. కానీ కోపం చేసుకోవడానికి కూడా బలం కావాలి.

ఆ మరునాడే కొడుకు ఫోను వచ్చింది. పాత నంబరు పోయింది, ఇంకో కంపెనీలో కుదిరాడు, బాగానే ఉన్నాడు. నా భార్య ఏడ్చింది, నేనూ ఏడ్చాను. వాడలో అందరూ సంతోషించారు. ఎందుకంటే వాళ్ళ లెక్క ఇప్పుడు పూర్తిగా సరిపోయింది. "జూసినవా, ఆమె పోయింది, పోరని ఫోను అచ్చింది" అని మా ఇంటికే వచ్చి చెప్పారు. నేను ఇక ఎవరితోనూ వాదించలేదు. కొడుకు క్షేమం కూడా ఆ ముసలామె మీద సాక్ష్యం అవుతుందని ఎవడనుకుంటాడు?

తర్వాత ఒక మధ్యాహ్నం నా భార్య లోపలి అర్ర నుంచి పిలిచింది. ఆ అర్రకు ఒకటే తలుపు, కిటికీ లేదు, తాళంచెవి ఆమె కొంగున ఉంటుంది. ఆకు ఆరిపోకుండా అక్కడే దాస్తుంది. మూలన మరిచిపోయిన తడి గోనెసంచి మీద, నానిన ఆకు ముక్కల నడుమ, అదే పచ్చటి ముద్ద. ఇంకా పొంగుతూ, తాజాగా ఉంది.

ఆమె వంగి దాన్ని చూసింది. "గీ అర్రలకు నేను తప్ప ఎవరస్తరు" అంది. నన్ను అడిగినట్టు లేదు. కింద కూలబడి, "మనింటి ఆకే, మన తడే" అంది. నేను పార తెచ్చేలోపు తానే చేతులతో సంచిని చుట్టి బయటికి తీసుకుపోయింది. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని, "సిరిసిల్ల బస్సు ఎన్నింటికి" అని అడిగింది.

వేములవాడ మీదుగా పోయాం. తంగళ్ళపల్లిలో కూతురి ఇల్లు సాంచాల చప్పుడు మధ్య ఉంది. మరమగ్గాల గోలకు పక్కనున్నవాళ్ళ మాట కూడా వినిపించదు. పెద్దవ్వ గుమ్మంలో కూర్చుని చాట ముందు పెట్టుకుని బీడీలు చేస్తోంది. అక్కడా ఒంటరిగానే. చాయ పోయించింది. మా వాడి ఫోను సంగతి ముందు అడిగింది.

"నా అర్రల గూడ మొలిచింది అత్తా" అంది నా భార్య. "తప్పైంది. ఇంటికి పోదాం రా."

పెద్దవ్వ ఆకు మడత పెట్టి దారం చుట్టింది. "నువ్వు నాకు జెప్పుడు ఎందుకు బిడ్డా? నేను జెయ్యలేదని నాకెరుకే. మల్ల వానకాలం అస్తది. మల్ల గది మొలుస్తది. అప్పుడెవరి పేరు దీస్తరు?"

సాంచాల చప్పుడు వింటూ చాయ తాగాం. లేచేటప్పుడు ఆమె అంది, "నాకు జెప్పింది మందిల జెప్పు. చెప్పినంక ఫోన్ జెయ్యి."

తెల్లారి నా భార్య చాట తీసుకుని వసారాకు పోయింది. సాయంత్రం తిరిగి వచ్చి మొత్తం చెప్పింది. తన అర్రలోనూ అదే మొలిచిందని, తాళంచెవి తన కొంగునే ఉందని కూడా దాచకుండా, మా ఇంటి ఆకు ముక్కల తడికి పుట్టిందే తప్ప అత్త చేసింది కాదని అందరి ముందు అందట. తర్వాత ఒకామె నింపాదిగా, "అయితే నీ అర్రలకెళ్ళే పుట్టిందన్నట్టు" అని, తన చాట కాస్త అటు జరుపుకుందట. ఆమె పక్కనున్నామె కూడా జరిపింది.

మరునాడు, ఆ మరునాడు కూడా నా భార్య పక్కన ఎవరూ కూర్చోలేదు. దారం ఉండ దొర్లిపోతే తనే లేచి తెచ్చుకుంది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, "అత్త అన్ని దినాలు గిట్లనే గూసున్నదా" అని అడిగింది. కంచం పక్కకు జరిపి ఫోను తీసుకుంది.

"మందిల జెప్పిన అత్తా" అంది.

అటునుంచి పెద్దవ్వ ఏదో అడిగింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరు గూసుంటలేరు" అంది.

సాంచాల చప్పుడు ఫోనులోంచి నాకూ వినిపిస్తోంది. ఆ చప్పుడు మీదుగా పెద్దవ్వ గొంతు గట్టిగా, స్పష్టంగా వచ్చింది.

"సరే. రేపు పొద్దుగాల బస్సుకస్త. నీ పక్కన జాగ ఉంచు."